తెలుగు నౌకాపరిభాష : మూడు పొరలు

శాసనములవలెనే పదములును చరిత్రకు సాక్ష్యములు. తెలుగువారి నౌకాపరిభాషయందు మూడు పొరలు కానవచ్చును.

మొదటిది దేశ్యము. ఓడ, తెడ్డు, రేవు, తెరచాప మున్నగునవి యిందు చేరును. వీనిలో తెరచాప గమనింపదగినది. గుడ్డకు ముందు అల్లిన చాపయే గాలిని పట్టెడిదని ఆ సమాసమే సూచించుచున్నది.

రెండవది అన్యదేశ్యము. తుపానులకు చిక్కి తీరమున పడిన ఓడల సరకును రాజులు హరించు ఆచారమును మాన్పి, నియతమైన సుంకము మాత్రమే గైకొందునని కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి శాసనమున విదేశవర్తకులకు అభయ మొసగెను. ఇట్టి వర్తకముగల హిందూమహాసముద్రతీరములందెల్ల అరబ్బీ, పారసీక పదములు వ్యాపించినవి. లంగరు పారసీకము, చుక్కాని అరబ్బీ 'సుక్కాన్', సరంగు పారసీక 'సర్‌హంగ్'. థామస్ రోబక్ 1811లో కలకత్తానుండి ప్రకటించిన ఇంగ్లీషు-హిందూస్థానీ నౌకానిఘంటువు ఈ నావికభాషకు తెరచాపల కాలమునాటి సాక్ష్యము.

మూడవది ఆవిరియంత్రముతో వచ్చినది. 'ఎంటర్‌ప్రైజ్' అను పొగయోడ 1825లో కలకత్తా చేరెను. పిమ్మట ఇంజను, బాయిలరు, సిలిండరు, ప్రొపెల్లరు అను మాటలు మన రేవులకు వచ్చినవి. అయినను ఇచ్చట ఒక విశేషము కలదు. యంత్రభాగములకు ఇంగ్లీషు పేర్లు స్థిరపడినను, యంత్రమును నడుపువారి పేర్లు పాతవియే నిలిచినవి. డెక్కుమీది పనివారికి ఒక సరంగు ఉన్నట్లే ఇంజను గదికిని వేరొక సరంగు ఉండెడివాడు. అతని క్రింద తండేలు. కొలిమికి బొగ్గు వేయువాడు ఆగ్‌వాలా. పనిముట్టు మారినను పనివారి కట్టుబాటు మారలేదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఈ విషయము పరిభాషాకర్తలకు ముఖ్యము. 1948 మార్చి 14న విశాఖపట్టణమున 'జలఉష' నీట దిగినదిమొదలు పెద్ద పొగయోడల నిర్మాణమును తెలుగునేలకు చెందిన పని యయ్యెను. ఆ పనికి పేర్లు కూర్చువారు సంస్కృతసమాసములకు పూనుకొనుటకు ముందు రేవులోని వాడుకను విచారింపవలెను. ఉత్తరాంధ్ర మత్స్యకారులు మోటారు పడవ నాయకునిసైతము తండేలనియే పిలుచుచున్నారు. తెరచాప పడవలు తగ్గుటతో వాని కొయ్యలకు, త్రాళ్లకు గల పేర్లును మరుగుపడుచున్నవి. 1839 నాటి తుపాను ఓడల నిర్మాణమునకు పేరుగన్న కోరంగిని ధ్వంసము చేసెను. పని పోయినచోట పదమును నిలువదు. కావున ఆ మాటలను పలుకువారు ఉండగనే వానిని సేకరించుట పరిశోధకుల తక్షణకర్తవ్యము.