సవామురా చెయ్యి

1934 నవంబరు 20. జపాన్‌లోని షిజువోకా పట్టణం, కుసనాగి మైదానం. మధ్యలో మట్టిదిబ్బ మీద బంతి విసిరే పిచ్చర్‌గా నిలబడ్డ కుర్రాడికి పదిహేడేళ్లు. పేరు ఎయిజి సవామురా. మొన్నమొన్నటిదాకా క్యోటోలో స్కూలు పిల్లాడు. ఎదురుగా పర్యటనకు వచ్చిన అమెరికా బేస్‌బాల్ మహామహులు.

ఎడమకాలు ఛాతీ కంటే ఎత్తుకు లేపుతాడు. ఒళ్లంతా వెనక్కి వాలుతుంది. చెయ్యి తలమీదుగా గిర్రున తిరిగి వస్తుంది. చార్లీ గెహ్రింగర్ మూడు స్ట్రైకులకూ బోల్తా పడి స్ట్రైకవుట్ అయ్యాడు. తర్వాత బేబ్ రూత్. అతనిదీ అదే కథ. రెండో ఇన్నింగ్స్ మొదలవగానే లూ గెహ్రిగ్, ఆ వెనకే జిమ్మీ ఫాక్స్. క్రికెట్ భాషలో చెప్పాలంటే నలుగురు దిగ్గజాలు వరసగా క్లీన్ బౌల్డ్!

ఎండ కళ్లలో కొట్టిందని అమెరికన్లు తర్వాత చెప్పుకున్నారు. కొట్టే ఉంటుంది. ఆ ఎండ జపాన్ బ్యాటర్లనేమీ వదిలిపెట్టలేదు కదా!

ఆరు ఇన్నింగ్స్ గడిచినా అమెరికాకు ఒక్క పరుగూ రాలేదు. ఏడో ఇన్నింగ్స్‌లో గెహ్రిగ్ కొట్టిన బంతి కంచె దాటింది. వంపు బంతి వేసేటప్పుడు సవామురా మూతి ఒక పక్కకు వంకర పోతుందని అమెరికన్లు కనిపెట్టేశారని ఒక కథ చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, మ్యాచ్ మాత్రం 1-0తో పోయింది. ఆ పర్యటనలో మిగతా మ్యాచ్‌ల్లో అతన్ని అమెరికన్లు చితకబాదారు కూడా. అవెవరికీ గుర్తులేవు.

ఈ ఒక్క మధ్యాహ్నం కోసం అతను చదువు వదులుకున్నాడు. విద్యార్థులు ప్రొఫెషనల్ ఆటగాళ్లతో ఆడకూడదని 1932లో విద్యాశాఖ ఆంక్ష పెట్టింది. అమెరికన్లను రప్పించిన యొమియురి పత్రిక అధిపతి షొరికి మత్సుతారో జట్టులో చేరాలంటే స్కూలు మానాల్సిందే. కెయో యూనివర్సిటీలో చదవాలన్న ఆశ అక్కడితో సరి. కాలేజీలో ఉంటే సైన్యం పిలుపు కొన్నేళ్లు వాయిదా పడేది. ఆ సంగతి అప్పుడెవరికి తట్టింది?

షొరికి జట్టే టోక్యో జెయింట్స్ అయింది. 1936లో ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. ఆ సెప్టెంబరులోనే ఒసాకా టైగర్స్‌కు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు సవామురా. జపాన్ లీగ్‌లో అదే మొదటి నో-హిట్టర్. 1937 వసంతకాలం సీజన్‌లో 24 గెలుపులు, 4 ఓటములు, 196 స్ట్రైకవుట్లు. లీగ్ చరిత్రలో తొలి అత్యుత్తమ ఆటగాడి అవార్డు అతనికే దక్కింది. అప్పటికి ఇరవై ఏళ్లు.

1938 జనవరిలో సైన్యం పిలిచింది. అక్కణ్నుంచి చైనా.

సైన్యానికి ఆ చెయ్యి మరోలా పనికొచ్చింది. గ్రెనేడ్ విసరాలంటే సవామురాయే విసరాలి. బేస్‌బాల్ బంతి దాదాపు 145 గ్రాములు. జపాన్ గ్రెనేడ్ బరువు దానికి మూడింతలు. బంతిలా అది మణికట్టు విరుపుతో వెళ్లదు, బరువంతా భుజమే మోయాలి. రోజుల తరబడి విసిరి విసిరి భుజం పాడైంది. ఎడమచేతికి తూటా తగిలింది. పైగా మలేరియా.

1940లో మైదానానికి తిరిగొచ్చేసరికి చెయ్యి తలమీదికి లేవలేదు. నడుం ఎత్తున పక్క నుంచి వేయడం మొదలుపెట్టాడు. పాత వేగం లేదు. అయినా ఆ జులైలో నగోయా జట్టు మీద మూడో నో-హిట్టర్ సాధించాడు! కుసనాగి కంటే నాకు ఈ మ్యాచే గొప్పదనిపిస్తుంది. పదిహేడేళ్ల కుర్రాడికి చెయ్యే దేవుడిచ్చిన వరం. ఇప్పుడా వరం పోయింది, బుర్ర ఒక్కటే మిగిలింది. దానితోనే గెలిచాడు.

1941లో మళ్లీ పిలుపు. ఈసారి ఫిలిప్పీన్స్. 1943లో తిరిగొచ్చాక చెయ్యి ఇంకా కిందికి జారింది. మోకాలి దగ్గర్నుంచి విసరబోతే బంతి చెప్పిన చోటికి వెళ్లేది కాదు. మూడు ఓటములు, గెలుపు ఒక్కటీ లేదు. ఆ సీజన్ తర్వాత జెయింట్స్ ఇక రావద్దంది. వేరే జట్టుకైనా ఆడతానన్నాడు. జెయింట్స్ సవామురాగానే ఆగిపొమ్మని అతన్ని మొదట్నుంచీ ఎరిగిన సుజుకి సోతారో నచ్చజెప్పాడు. సలహా మర్యాదగానే ఉంది, తిండి పెట్టదు గానీ. అప్పటికే పెళ్లయింది, 1944లో ఆడపిల్ల పుట్టింది.

అదే ఏడాది మూడో పిలుపు వచ్చింది. అతనితో పాటు సైనికులను ఎక్కించుకుని ఫిలిప్పీన్స్ వైపు బయల్దేరిన ఓడను డిసెంబరు 2న యకుషిమా ద్వీపం సమీపంలో అమెరికా జలాంతర్గామి ముంచేసింది. ఓడతోపాటే పోయిన సవామురాకు 27 ఏళ్లు.

1947లో ఆ ఏటి మేటి పిచ్చర్‌కు సవామురా పేరిట అవార్డు పెట్టారు. మొదటిది నంకాయ్ జట్టు పిచ్చర్ బెస్షో తకెహికోకు దక్కింది. అదే ఏడాది జెయింట్స్ సవామురా వేసుకున్న 14వ నంబరు చొక్కాను ఇక ఎవరికీ ఇవ్వబోమని ప్రకటించింది. ఆడతానన్నప్పుడు వద్దన్నదీ ఆ జట్టే.