గోవా ఫెనీ: వాసన పండుదా, ఎసెన్సుదా?

సీసాపై పండు బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల పండు ఉన్నట్టు కాదు. మార్కెట్‌లో దొరికే నారింజ, పచ్చిమామిడి, యాపిల్ వోడ్కాల్లో అధికభాగం వాసన లేని స్పిరిట్‌కు బయటి నుంచి సువాసన జోడించి తయారుచేసినవే. గోవాకు చెందిన జీడిమామిడి ఫెనీ ఇందుకు భిన్నం. దాని ఘాటైన వాసన పూర్తిగా పండు నుంచే వస్తుంది.

జీడిమామిడిని 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి భారత్‌కు తెచ్చారు. వేసవిలో చెట్టు కింద రాలిన పండ్లను ఏరి, గింజ వేరుచేసి, గుజ్జును తొక్కి రసం తీస్తారు. ఆ రసాన్ని కొన్ని రోజులు సహజంగా పులియనిచ్చి బట్టీ పడతారు. తొలి విడతలో వచ్చేది ఉర్రాక్. దీనిలో ఆల్కహాలు దాదాపు 15 శాతం. దానికి పులిసిన రసం కలిపి మళ్లీ బట్టీ పడితే 42 శాతానికి పైబడిన ఫెనీ వస్తుంది. సంప్రదాయ ఫెనీలో చక్కెర గానీ, ఎసెన్సు గానీ కలపరు. దీనికి 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. నాటుసారాగా లెక్కించడంతో ఇతర రాష్ట్రాల్లో అమ్మకానికి ఏళ్ల తరబడి అడ్డంకులు ఎదుర్కొన్న ఈ పానీయాన్ని గోవా ప్రభుత్వం 2016లో వారసత్వ పానీయంగా ప్రకటించింది. జీడిపప్పుకు పేరొందిన శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతంలో మాత్రం గింజ తీశాక పండు చాలావరకు తోటలోనే కుళ్లిపోతుంది.

గోవాలో సువాసన చేర్చిన ఫెనీలూ ఉన్నాయి. వాటిలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది దుక్‌షిరి. తెలుగువారు వేసవిలో షర్బత్‌గా తాగే సుగంధిపాల వేరునే ఫెనీలో నానబెట్టి దీన్ని తయారుచేస్తారు. వేరు పరిమళం జీడిమామిడి ఘాటును కొంత అణచివేస్తుంది కనుక ఫెనీ వాసన భరించలేనివారికి ఇది అనువైనది.

కొనేటప్పుడు సీసా అందం కన్నా లేబుల్ ముఖ్యం. ఆల్కహాలు శాతం, తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, కలిపిన సువాసనలు, రంగుల ప్రస్తావన చూడాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఆరోగ్య హెచ్చరిక కూడా తప్పనిసరి. రోడ్డు పక్కన నీళ్ల సీసాల్లో పోసి అమ్మే ‘ఇంటి ఫెనీ’ని పర్యాటకులు ముచ్చటపడి కొంటుంటారు. అందులో మిథనాల్ కలిసి ఉంటే వాసనతోనో, రుచితోనో పసిగట్టడం సాధ్యం కాదు. అది చూపును, ప్రాణాన్ని హరిస్తుంది. లైసెన్సు లేకుండా ఇంట్లో బట్టీ పెట్టడం నేరం. సీసాతో రాష్ట్ర సరిహద్దు దాటేవారు ఎంత పరిమాణం వరకు అనుమతి ఉందో ముందే తెలుసుకోవాలి. మద్యం కొనే కనీస వయసు గోవాలో 18 ఏళ్లు కాగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 21.

సువాసన, తీపి మద్యం ఘాటును కప్పిపుచ్చుతాయే తప్ప తగ్గించవు. 42.8 శాతం ఉన్న 30 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాలు ఉంటుంది, అది నిమ్మసోడాలో కలిసినా సరే. సురక్షిత పరిమాణమంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. అందుకే ఇంట్లో గ్లాసులోకి అంచనాగా ఒంపడం కన్నా కొలగిన్నెతో కొలవడం మేలు. ఖాళీ కడుపుతో తాగకూడదు.

ఫెనీని తొలిసారి రుచి చూసేవారు ముందుగా కొద్దిగా నీరు కలిపి వాసన చూస్తే పండు పరిమళం తేటగా తెలుస్తుంది. ఆ తర్వాత నిమ్మరసం, చిటికెడు ఉప్పు, సోడా చేర్చుకోవచ్చు. తీపి కోలాలు ఆ పరిమళాన్ని మింగేస్తాయి. ఉర్రాక్‌కు గోవాలో నిమ్మ పానీయం, ఉప్పు, చీల్చిన పచ్చిమిర్చి జోడిస్తారు. ఫెనీని మూత బిగించి, ఎండ తగలనిచోట ఉంచితే ఏళ్లపాటు నిలుస్తుంది. ఉర్రాక్ అలా కాదు. అది ఆ వేసవి సరకే.