బాప్టిస్టులు ఏం నమ్ముతారు? ఒంగోలు నుంచి నాగా కొండల దాకా



మన ఏజెన్సీలో ఇప్పుడు ఒకే ఇంట్లో అన్న ఆదివారం ప్రార్థనకి పోతాడు, తమ్ముడు భూమి పండగలో డోలు కొడతాడు. దీని మీద హాస్టళ్లలో రాత్రిళ్లు వాదించుకుంటాం గానీ, వాళ్లు అసలు ఏం నమ్ముతారో చదవం. క్రైస్తవుల్లో చాలా శాఖలున్నాయి. వాటిలో తెలుగు నేలకీ, నాగా ఆదివాసులకీ రెండింటికీ సంబంధమున్న బాప్టిస్టుల చరిత్ర చెప్తాను.

ఈ శాఖ 1609లో మొదలైంది. ఇంగ్లండులో రాజుగారి చర్చిని కాదన్న కొందరు ఆమ్‌స్టర్‌డామ్‌కి పారిపోయారు. జాన్ స్మిత్, థామస్ హెల్విస్ వాళ్ల నాయకులు. పసిబిడ్డకి ఏం తెలుసని బాప్తిస్మం ఇస్తారు, పెద్దయ్యాక తనే నమ్మి తీసుకోవాలి అన్నారు. పేరు కూడా అందులోంచే వచ్చింది.

వాళ్ల ముఖ్యమైన నమ్మకాలు ఇవీ. విశ్వాసానికి ఆధారం బైబిలే. ఏసు మీద నమ్మకంతోనే రక్షణ, పుట్టుకతో రాదు. బాప్తిస్మం, ప్రభువు బల్ల, ఈ రెండే ఆచారాలు. ఏ ఊరి సంఘం ఆ ఊరిదే, పాస్టరుని సభ్యులే ఎన్నుకుంటారు. చివరిది, మనిషి మనస్సాక్షి మీద ప్రభుత్వానికి అధికారం లేదు. హెల్విస్ 1612లో ఈ మాటే పుస్తకంగా రాసి, రాజు కూడా మామూలు మనిషే అన్నాడు. వేరే మతాల వాళ్లనీ బలవంతపెట్టొద్దన్నాడు. దానికి జైల్లో వేశారు, అక్కడే చచ్చిపోయాడు.

ఇక మన దగ్గర. అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగు నేలకి వచ్చారు. 1866లో ఒంగోలు చేరిన క్లౌ దొర దగ్గరికి మాదిగ పల్లెల జనం వచ్చారు. యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి ఊరూరా తిరిగి తన వాళ్లకి చెప్పాడు. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి పని చూపించాడు. అయితే ఆ కరువులో ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. గింజల కోసం మతం మారితే అది నమ్మకం కాదు కదా. కరువు పని ఆపేశాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ముంచింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు.

నాగా కొండల్లో కథ ఇంకోలా నడిచింది. అక్కడ ఆవో తెగ ఊరికి ముందు వెళ్లింది తెల్లవాళ్లు కాదు, గోధులా అనే అస్సాం మనిషి. 1872లో క్లార్క్ దొర చేతుల మీద మొదటి బాప్తిస్మాలు జరిగాయి. తర్వాత ఊళ్లో తేడాలొచ్చి, 1876లో క్రైస్తవులు మొలుంగ్‌యిమ్‌సెన్ అని వేరే ఊరే కట్టుకున్నారు. క్లార్క్ దంపతులు ఆవో భాషని రాతలోకి తెచ్చారు, బడి పెట్టారు. అది పెద్ద మేలు. కానీ అదే మిషన్ ఆవో కుర్రాళ్లు పడుకునే అరిజుని, అంటే మురియాల ఘోటుల్ లాంటి యువకుల ఇంటిని, వద్దంది. బియ్యం సారా, పాత పండగలు కూడా మానమంది. దీన్ని బ్రిటిష్ ఆఫీసరు మిల్స్ 1926లో తన పుస్తకంలో గట్టిగా తప్పుబట్టాడు. ఇప్పుడు ఆవో క్రైస్తవులే మొఆత్సు పండగని ఘనంగా చేసుకుంటున్నారు.

నాకు అర్థమైంది ఇది. మనస్సాక్షిని ఎవరూ బలవంతపెట్టకూడదన్న మాట కోసం హెల్విస్ ప్రాణం పోయింది. ఒంగోలులో ఆ మాట నిలబెట్టారు. అరిజు దగ్గరకొచ్చేసరికి దాన్ని మర్చిపోయారు. ఈ కొలబద్ద అందరికీ వర్తిస్తుంది. చర్చికి పోతున్నాడని ఊరు ఒకణ్ణి వెలివేస్తే తప్పే. చర్చికొచ్చావు కాబట్టి అమ్మమ్మ పాట పాడొద్దు, డోలు ముట్టొద్దు అన్నా తప్పే. రెండు చోట్లా ఆ మనిషిని ఎవరూ అడగట్లేదు.

మీ ఊళ్లకి ఈ మతం ఎప్పుడు, ఎవరి ద్వారా వచ్చిందో పెద్దవాళ్లని అడిగి రాయండి. వాళ్లు పోతే ఆ చరిత్ర కూడా పోతుంది.

జోహార్!