బోనాల ఊరేగింపు – ఛాయాచిత్రపు సాక్ష్యము

పంచాంగము ననుసరించి జ్యేష్ఠాషాఢములు రెండును గ్రీష్మఋతువు. ఆ ఋతువు ముగియుచుండగా, తొలకరి వానలు పడీపడని ఆషాఢమాసమున, హైదరాబాదు నగరమునందును, దానికి తూర్పుదెసనున్న ఉప్పల్, నాచారము మొదలగు ఊళ్లయందును అమ్మవారికి బోనములు సమర్పింతురు. భోజనమను మాటయే వాడుకలో బోనమైనది. కుండలో వండిన నైవేద్యము, కుండకు పసుపుకుంకుమలు, చుట్టును వేపమండలు, మీద వెలుగుచున్న దీపము, ముందు డప్పుల మ్రోత, కొరడా ఝళిపించుచు నడచు పోతరాజు - వీనిని గూర్చి పెద్దలైన మీకు నేను విన్నవింపవలసినది లేదు. నేడు మనవి చేయదలచినది ఆ ఊరేగింపును కాగితముమీద నిలిపిన ఛాయాచిత్రమును గూర్చి. అది చరిత్రకు సాక్ష్యమగునా? అగునేని ఎప్పుడగును, ఎప్పుడు కాకపోవును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకే ఈ ప్రసంగము.

ఈ పండుగకు ఒక విశేషము కలదు. ఇది చుట్టముల పండుగ. ఆషాఢమున అమ్మవారు పుట్టింటికి వచ్చునని మనవారి నమ్మిక. ఆ నమ్మికకు తగినట్లే అత్తవారింటనున్న ఆడపడుచులను పిలిపించి, చీరయు రవికెయు పెట్టి, వారిచేత బోనమెత్తింతురు. అల్లుండ్రు వత్తురు, మేనత్తలు వత్తురు, వియ్యాలవారు వత్తురు. తక్కిన దినములలో ఒకచోట చేరని కుటుంబమంతయు ఆనాడు ఒక వాకిట నిలుచును. అట్టి దినమున ఛాయాచిత్రము తీయించుకొనవలెనని తోచుట సహజము. మనుష్యులు కూడినప్పుడే కదా, కూడితిమన్న గుర్తు కావలెననిపించుట!

అయితే నడచుచున్న ఊరేగింపును పట్టుట ఛాయాచిత్రకళకు మొదటినుండి చేతనైన పని కాదు. ఫ్రాన్సు దేశీయుడైన డాగేర్ పద్ధతిని 1839వ సంవత్సరమున లోకమునకు వెల్లడించిరి. ఆ కాలపు పలకకు వెలుతురు చాలసేపు తగులవలెను. గోడ కదలదు, గోపురము కదలదు. కనుక అవి స్పష్టముగా వచ్చును. నడచు మనుష్యుడు మాత్రము పొగవలె చెదరిపోవును, లేదా బొత్తిగా కనబడడు. 1851లో వచ్చిన తడిపలక పద్ధతి కొంత వేగమైనదే గాని, గాజుపలకకు మందు పూసి, అది ఆరకముందే చిత్రము తీసి, వెంటనే చీకటిడేరాలో కడుగవలసి యుండెను. జాతర నడుమ ఆ సరంజామా అంతయు మోసికొని తిరుగుట ఎంత కష్టమో ఊహింపుడు. 1880 ప్రాంతమున, ముందుగానే సిద్ధపరచి యుంచుకొనదగిన పొడిపలకలు వ్యాపించెను. అవి రెప్పపాటులో వెలుతురును గ్రహించెడివి. అప్పటినుండి ఏనుగు ఎత్తిన పాదమును, గాలికి లేచిన జెండాయు చిత్రమునకు చిక్కసాగెను.

సరిగా ఆ దినములలోనే లాలా దీనదయాళు హైదరాబాదు చేరెను. ఆయన 1844లో మీరటు చెంతనున్న సర్ధనా అను ఊర జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, ఇందోరులో సర్కారు కొలువు చేయుచు ఛాయాచిత్రకళను పట్టుపరచుకొనెను. పిమ్మట ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికిందరాబాదున చిత్రశాల నెలకొల్పెను. నిజాము ఆయనకు రాజా అనియు, ముసవ్విర్ జంగ్ అనియు బిరుదము లొసగెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. 1903 నాటి ఢిల్లీ దర్బారును కూడ చిత్రించిన ఆ కళాకారుడు 1905లో పరమపదించెను.

ఆయన కెమెరాకు చిక్కిన హైదరాబాదు వైభవములలో లంగరు ఊరేగింపు ఒకటి. దాని పుట్టుకను గూర్చి ఒక కథ చెప్పుకొందురు. గోలకొండ రాకుమారుడైన అబ్దుల్లాను ఎక్కించుకొన్న ఏనుగు మదించి అడవి పట్టెనట. తల్లి హయాత్ బక్షీ బేగము, బిడ్డ క్షేమముగా తిరిగివచ్చినచో ఏనుగు సంకెలవంటి బంగారు సంకెలను సమర్పింతునని మ్రొక్కుకొనెనట. లంగరనగా ఆ సంకెలయే. ఆ బిడ్డయే 1626 మొదలు 1672 వరకు గోలకొండ నేలిన అబ్దుల్లా కుతుబ్‌షా. ఒక తల్లి మ్రొక్కుగా మొదలైనదందురు గాని, ఆసఫ్‌జాహీల కాలమునకు ఆ ఉత్సవము సేనాప్రదర్శనముగా పెరిగెను. మొహరము అయిదవనాడు ఏనుగులు, ఒంటెలు, గుఱ్ఱపుదళములు, అరబ్బు సిపాయిలు నగరవీధులలో బారులు తీరి నడచిరి. ఆ సేనావైభవము నేడు లేదు. అయినను అది ఎట్లుండెనో మన మెరుగుదుము. ఎట్లు? దీనదయాళు చిత్రశాలవారు గాజుపలకలకు సంఖ్యలు వేసిరి, చిత్రము దేనిదో పేరు వ్రాసిరి. అట్టి పలకలలో 2,857 పలకలను ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో సేకరించి భద్రపరచినది. పలకమీద నున్న ఆ చిన్న వ్రాతవలననే, ఇది ఫలాని ఉత్సవము, ఇది ఫలాని ద్వారమని నేటి చరిత్రకారుడు చెప్పగలుగుచున్నాడు.

రాజుల ఊరేగింపునకు ఇట్టి భాగ్యము పట్టెను. ప్రజల ఊరేగింపు మాట యేమి?

లష్కరు బోనాల స్థలచరిత్ర ఇందుకు తార్కాణము. 1813లో మహామారి చెలరేగగా, సైన్యమునందు డోలీ మోయు సురిటి అప్పయ్య అను నాతడు ఉజ్జయినిలో మహాకాళిని వేడుకొని, వ్యాధి శాంతించినచో అమ్మవారిని తన ఊర ప్రతిష్ఠింతునని మ్రొక్కుకొనెననియు, 1815లో తిరిగివచ్చి సికిందరాబాదున కొయ్యవిగ్రహమును నిలిపెననియు, 1864లో దాని స్థానమున శిలావిగ్రహము వెలసెననియు చెప్పుదురు. అప్పయ్య రాజు కాడు, జాగీరుదారు కాడు. అతని తొలినాటి పూజకు చిత్రము లేదు. అప్పటికి ఆ కళయే పుట్టలేదు. కాని పేరు నిలిచినది, సంవత్సరము నిలిచినది. పెద్దలు నోటితో చెప్పిరి, పిన్నలు విని మరల చెప్పిరి. చిత్రము లేకున్నను చెప్పువారున్నచో చరిత్ర బ్రదుకునని దీనివలన తేటపడుచున్నది. మన కాలమున దీనికి విపరీతము జరుగుచున్నది. చిత్రములు కోకొల్లలు, చెప్పువారు లేరు.

ఛాయాచిత్రము సామాన్యుని చేతికి వచ్చుటకు కొంత కాలము పట్టెను. 1888లో అమెరికా దేశమున ఈస్ట్‌మన్ కంపెనీ కొడాక్ అను చుట్టఫిల్మువేయు చేతికెమెరాను అమ్మకమునకు పెట్టెను. 1900లో ఒక్క డాలరు వెలకు బ్రౌనీ అను చిన్న పెట్టెను తెచ్చెను. మన ఊళ్లకు కెమెరా పలుమారులు చుట్టముతో కూడ వచ్చినది. పట్నమున ఉద్యోగము చేయు అల్లుడో, పట్టాళము నుండి సెలవుమీద వచ్చిన మేనల్లుడో మెడకు తగిలించుకొని వచ్చును. వచ్చినవాడు ఊరికి క్రొత్త. అతని కంటికి అంతయు వింతయే. ఊరివారు దినదినము చూచుటచేత చూడక విడిచినదానిని చుట్టము చూచి, పట్టి, వెంట తీసికొనిపోవును. ఆ మేలు మనము మరువరాదు. కాని అతనికి మనుష్యుల పేర్లు తెలియవు. పేర్లు తెలిసినవారి చేతిలో చిత్రము లేదు. చిత్రమున్నవారికి పేర్లు తెలియవు. మన గ్రామచరిత్రకు వచ్చిన చిక్కంతయు ఇదియే.

ఇక ఆ చిత్రములో ఏమున్నదో విచారింతము. తీసినవాడు బోనమెత్తిన తన భార్యను తీసితిననుకొనును. కాని ఆమె వెనుక మట్టిగోడ పడినది, గోడ వెనుక చింతచెట్టు పడినది, చెట్టు ప్రక్కన చెరువుకట్ట పడినది. వీధిని వీధికొరకు తీయువాడు అరుదు. ఊరేగింపుకొరకు తీయును, వీధి తానై అందులో చేరును. ఉప్పల్, నాచారముల వంటి ఊళ్లకు ఇది మిక్కిలి ముఖ్యము. ఉప్పల్ కలాన్ అని రికార్డులకెక్కిన ఊరది. కలానన్నది పారసీక శబ్దము, పెద్దదని అర్థము. ఆ ఊరికి పోవు దారిలో 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వెలసినది. నాచారమున కర్మాగారములు వచ్చినవి. 2005లో ఉప్పల్ మైదానమున అంతర్జాతీయ క్రికెట్ పోటీ జరిగినది. 2007లో ఉప్పల్ పురపాలకము బృహత్ హైదరాబాదున కలిసినది. 2017 నవంబరులో మెట్రోరైలు అక్కడి స్తంభములమీద పరుగిడినది. పొలము, బాట, వాడ అన్నియు మారిపోయినవి. ఉప్పల్ నల్లచెరువును, నాచారము పెద్దచెరువును ఇండ్ల నడుమ చిక్కినవి. ఒకప్పటి వాకిలి ఎట్లుండెనో చూపవలెనన్న నేడు ఆ బోనాల చిత్రములే దిక్కు.

నాచారమున నందమూరి తారకరామారావు గారు చలనచిత్ర నిర్మాణశాలను నెలకొల్పిరి. చలనచిత్రమున రాజు ఊరేగింపు కుదరకపోయినచో మరల నడిపింపవచ్చును, మరల తీయవచ్చును. అదే ఊర తలమీద బోనముతో గుడికి నడచిన ముదుసలిని మరల నడిపింపలేము. ఆ చిత్రము ఒక్కటే. ఆమె పేరు చెప్పగల నోళ్లును ఏటేట తగ్గుచునే యుండును.

మన పూర్వులు ఈ సంగతి బాగుగా నెరుగుదురు. శాసనమును చూడుడు. శకవర్షము, మాసము, తిథి, వారము మొదట చెప్పుదురు. పిమ్మట ఏలుచున్న రాజు, దానమిచ్చిన దాత, పుచ్చుకొన్నవారు, ఇచ్చిన భూమి, దాని ఎల్లలు చెప్పుదురు. ఎప్పుడు, ఎవరు, ఎచ్చట, ఏమి, ఎందులకు అను వానిని విడువరు. అందువలననే వేయేండ్ల తరువాత కూడ ఆ రాయి నోరు విప్పి మాటలాడుచున్నది. అక్షరము లేని రాయి ఎంత నునుపైనను రాయియే. వెనుక వ్రాత లేని ఛాయాచిత్రమును అట్టిదే. అందు ముఖములున్నవి, మనుష్యులు లేరు. రెండు తరములు గడచినపిమ్మట మనుమడు దానిని త్రిప్పి చూచి, ఎవరో అని ప్రక్కన పెట్టును. మూడవ తరమున అది చిత్తుకాగితములలో కలియును.

కావున గ్రామపెద్దలకు నా విన్నపమిది. బోనాలకు చుట్టములు వచ్చినప్పుడు, భోజనములైన పిమ్మట, పాత చిత్రముల పెట్టె తీయుడు. ముందుగా మేనత్తలను, పెద్దమ్మలను కూర్చుండబెట్టుడు. ఇంటి మగవారికి తెలియని పేర్లు వారికి తెలియును. "ఇది మా చిన్నమ్మ గదనే! గా యేడే పెద్దచెరువు అలుగు దుంకింది" అని ఒకామె అన్నదనుకొనుడు. ఆ ఒక్క మాటతో మనిషికి పేరు వచ్చినది, చిత్రమునకు కాలము వచ్చినది. అలుగు పారిన సంవత్సరమును తక్కినవారు లెక్కకట్టి చెప్పుదురు. ఇద్దరు చెప్పినది కలిసినచో నిశ్చయముగా వ్రాయుడు. కలియనిచో ఇద్దరి మాటయు వ్రాసి, చెప్పినవారి పేర్లు కూడ వ్రాయుడు. చిత్రము వెనుక అంచున, మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండ వ్రాయవలెను. సిరా ఊరి ముందునకు దిగును. గట్టిగా ఒత్తినచో గీత ముఖముమీద తేలును. ఎడమనుండి కుడికి వరుసగా పేర్లు, ఊరు, వాడ, సంవత్సరము - ఇంతే చాలును.

నేటి కుఱ్ఱవారు చేతిఫోనుతో ఒక్క పూటలో నూర్లకొలది చిత్రములు తీయుదురు. తీయవలదని నేననను. నూటిలో నాలుగింటిని ఏరి కాగితముమీద అచ్చు వేయించుమని చెప్పుడు. ఫోను పగిలిననాడు వానితో పండుగయు పోరాదు. మరియొక మాట చెప్పుడు. పూనకము వచ్చిన స్త్రీని, నీళ్లతో తడిసిన స్త్రీని అడుగక తీయరాదు. దీనదయాళు 1892లో హైదరాబాదున స్త్రీలకు ప్రత్యేకముగా ఒక చిత్రశాల తెరచి, దానిని స్త్రీ ఆధీనమున నుంచెను. చిత్రమున నిలుచువారి మర్యాదను కాపాడుట కూడ ఈ కళలో భాగమని ఆనాడే గ్రహించిరి.

ఛాయాచిత్రము సాక్ష్యమగునా యని మొదట అడిగితిని. తానుగా కాదు. పేరు తెలిసినవారు పేరు వ్రాసినప్పుడే అగును. ఆస్థానమున ఆ వ్రాత వ్రాయుటకు జీతగాండ్రుండిరి. మన ఊరేగింపులకు వ్రాతగాండ్రము మనమే. పేర్లు తెలిసినవారు ఇంకను మన నడుమ నున్నారు. చుట్టములు ఏటేట వచ్చుచునే యున్నారు. రానున్న ఆషాఢమున ఒక్కొక్క ఇంట ఒక్క చిత్రమునకైనను వెనుక వ్రాత పడినచో, ఉప్పల్, నాచారముల చరిత్రలో ఒక్కొక్క పుట చేరినట్లే.