ముళ్ల తోక బల్లి: సాండా నూనె కొనే ముందు రైతులు తెలుసుకోవలసిన విషయాలు

సంతల్లో, బస్టాండ్ల దగ్గర మోకాళ్ల నొప్పులకు, నడుము నొప్పికి మందు అంటూ 'సాండా నూనె' అమ్మేవారు కనిపిస్తుంటారు. ఈ నూనె ముళ్ల తోక బల్లి కొవ్వు నుంచి తీస్తారు. ఈ జీవి మన తెలుగు జిల్లాలది కాదు. రాజస్థాన్ థార్ ఎడారి, గుజరాత్‌లోని కచ్ ప్రాంతాల్లోని మెట్ట బీళ్లలో ఉంటుంది.

గుర్తింపు లక్షణాలు
ఇది మన చేల గట్ల మీద తిరిగే తొండ కుటుంబానికి చెందినదే. ఒళ్లు ఇసుక రంగులో ఉంటుంది. మగ బల్లి 40 సెం.మీ. పైగా పెరుగుతుంది. లావుపాటి తోక చుట్టూ ముళ్లలాంటి పొలుసులు వరుసలుగా ఉంటాయి. దీనిని ఉడుముగా పొరబడవద్దు. ఉడుము మాంసాహారి. ఇది ముఖ్యంగా గడ్డి, ఆకులు, పూలు తింటుంది, అప్పుడప్పుడు పురుగులను కూడా తింటుంది.

జీవన విధానం
గట్టి నేలలో బొరియ తవ్వుకుంటుంది. పగలు ఎండలో మేసి, లోపలికి వెళ్లాక బొరియ మూతిని మట్టితో మూసుకుంటుంది. చలికాలమంతా లోపలే నిద్రావస్థలో ఉంటుంది. డేగలకు, ఎడారి నక్కలకు ఇది ముఖ్యమైన ఆహారం. ఇది తగ్గితే వాటికీ తిండి తగ్గుతుంది.

ముప్పు ఎక్కడుంది?
బీడు భూములు దుక్కిలోకి రావడంతో దీని బొరియలు పోతున్నాయి. అంతకు మించిన ముప్పు వేట. బొరియ నుంచి బయటికి లాగి, పారిపోకుండా నడుము విరిచి, ప్రాణంతోనే అమ్మకానికి తెస్తారు. తోక మొదట్లో ఉండే కొవ్వును కాచి నూనె తీస్తారు.

నూనె పనిచేస్తుందా?
ఇది మామూలు జంతువుల కొవ్వు వంటిదే. కీళ్ల నొప్పులు తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. రాసినప్పుడు కాస్త ఉపశమనం అనిపిస్తే అది మర్దన వల్లే. ఆ మర్దన నువ్వుల నూనెతోనూ చేసుకోవచ్చు.

రైతులకు సూచనలు
• సాండా నూనె కొనవద్దు, ఇంట్లో ఉంచుకోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఈ బల్లికి రక్షణ ఉంది. వేటాడటం, దాని నూనెతో వ్యాపారం చేయడం నేరం. జైలు శిక్ష, జరిమానా రెండూ పడవచ్చు.
• ఉడుము నూనె, ఉడుము మాంసం విషయంలోనూ ఇదే చట్టం వర్తిస్తుంది.
• బల్లులను గానీ, వాటి నూనెను గానీ అమ్ముతుంటే దగ్గరలోని అటవీశాఖ సిబ్బందికి తెలియజేయండి.
• నాట్లు, కలుపు పనుల తర్వాత మోకాళ్ల నొప్పులు వారాల తరబడి తగ్గకపోతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. ఆలస్యం చేస్తే కీలు ఇంకా అరిగిపోవచ్చు.