ఆకాశమార్గమున వచ్చిన ఆటలు

రేడియో పెట్టెనుండి కీచుమను ధ్వని ఎడతెగక కొన్ని నిమిషములు వెలువడినచో, ప్రసారశాలలో ఏదో యంత్రము చెడినదని శ్రోతలు తలంతురు. మరునాటికి ఉత్తరములు వచ్చును. కాని 1983వ సంవత్సరమున యుగోస్లావియా రాజధానియైన బెల్‌గ్రేడ్ నగరములో ఒక రేడియో కేంద్రము అట్టి ధ్వనినే ముందుగా ప్రకటించి మరీ ప్రసారము చేసినది. అక్కడి యువకులు టేప్ రికార్డర్లు సిద్ధము చేసికొని ఆ ధ్వనిని పట్టుకొనిరి. అందులో దాగియున్నవి టెలివిజన్ తెరపై ఆడుకొను ఆటలు. ఈ ఆటల చరిత్ర వ్రాయువారు తరచుగా అమెరికా, జపాను కంపెనీల లాభనష్టములనే ఏకరువు పెట్టుదురు. మేము రేడియో పనివారము గనుక మూలబడియున్న ఈ కథను ముందునకు తెచ్చుచున్నాము.

టెలివిజన్ పెట్టెను చూచుటకే గాక ఆడుకొనుటకు గూడ వాడవచ్చునని 1966లో తలపోసినవాడు రాల్ఫ్ బేర్ అను అమెరికా ఇంజనీరు. ఆయన యత్నము ఫలించి 1972లో మాగ్నవాక్స్ కంపెనీ 'ఒడిస్సీ' అను యంత్రమును అమ్మకమునకు పెట్టినది. తెరపై కొన్ని తెల్లని చుక్కలు కదలుటయే అందలి వింత; రంగుల దృశ్యము కావలెనన్నచో ప్లాస్టిక్ పలకను తెరకు అంటించుకొనవలెను. 1977లో వచ్చిన అటారీ యంత్రముతో పద్ధతి స్థిరపడినది. ఆటను చిప్పులో నిక్షేపించి, డబ్బాలో బిగించి అమ్మిరి. డబ్బా కొనలేనివానికి ఆట లేదు.

ఇంటి కంప్యూటర్ల దారి వేరు. 1982లో ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ 125 పౌనులకు అమ్మజూపిన స్పెక్ట్రమ్ వంటి చౌక యంత్రములకు, ఖరీదైన డిస్కులు కాక, ఇంటనున్న పాటల క్యాసెట్టే భాండాగారమైనది. యంత్రమునకు ఇచ్చు ఆజ్ఞల వరుసనే ప్రోగ్రామందురు. అదెంత పెద్దదైనను తుదకు సున్నలు, ఒకట్లు మాత్రమే. సున్నకు ఒక స్వరము, ఒకటికి ఇంకొక స్వరము నియమించినచో ప్రోగ్రాము అంతయు ఒక చిత్రమైన రాగముగా టేపుపైకి ఎక్కును. దానిని మరల యంత్రమునకు వినిపించిన, నాలుగైదు నిమిషములలో ఆట తెరపై నిలుచును. ఇట్లు ఆట శబ్దరూపము దాల్చినది. శబ్దమును మోయుట రేడియోకు పుట్టుకతో వచ్చిన విద్య గదా!

ఈ సంగతిని మొదట గ్రహించినవారిలో హాలండు ప్రసారకులు ముఖ్యులు. అక్కడి ఎన్.ఓ.ఎస్. సంస్థ 'హాబీస్కూప్' కార్యక్రమమున ప్రోగ్రాములను ప్రసారము చేయుచు ఒక చిక్కులో పడినది. కంప్యూటర్లు చాలవరకు బేసిక్ అను భాషనే మాట్లాడును గాని, ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క యాస. ఒక యంత్రమునకు చేసిన ప్రోగ్రాము మరియొకదానికి తెలియదు. దీనికి విరుగుడుగా వారు 1980 తరువాతి తొలి సంవత్సరములలో 'బేసికోడ్' అను పద్ధతిని ఏర్పరచిరి. ప్రోగ్రాములో 1000కి లోపలి వరుసలను ఆయా యంత్రముల సొంత పలుకుబడికి వదలి, పై వరుసలను అందరికిని సమానమైన మాటలలోనే వ్రాయవలెనని నియమము. శ్రీకాకుళమువారికిని, చిత్తూరువారికిని, నల్లగొండవారికిని ఒకేతీరున తెలియునట్లు వార్తలు చదువవలసిన మావంటివారికి ఈ ఉపాయము వెంటనే బోధపడును. బి.బి.సి. వారును తమ 'చిప్ షాప్' కార్యక్రమమున ఈ పద్ధతినే వాడిరి.

అయినను హాలండు, ఇంగ్లండు దేశములలో ఇది ఒక వేడుక మాత్రమే. రేడియో లేకున్నను అక్కడివారు అంగడికి పోయి క్యాసెట్టు కొనగలరు. యుగోస్లావియాలో పరిస్థితి అట్టిది కాదు. విదేశీ వస్తువుల దిగుమతిపై ఆంక్షలుండుటచే కంప్యూటరు సామాన్యునికి అందని పండు. కొందరు వాటిని సరిహద్దు దాటించి రహస్యముగా తెచ్చుకొనుచుండిరి. అట్టి తరుణమున వోయా ఆంటోనిచ్ అను ఇంజనీరు 1983 వేసవిలో సముద్రతీరమున విశ్రాంతికి పోయి, అక్కడ విశ్రాంతి మాని ఒక చిప్పుల గ్రంథము చదువుచు కూర్చుండెను. తెరపై అక్షరములు చూపుటకు ప్రత్యేకముగా మరియొక ఖరీదైన చిప్పు అక్కరలేదని, జెడ్-80 అను ప్రధాన ప్రాసెసరుచేతనే ఆ పనియు చేయించవచ్చునని ఆయనకు తోచినది. ఆ ఊహనుండి పుట్టిన యంత్రమే 'గలాక్సియా'.

ఆయన దానిని కంపెనీకి అమ్మలేదు. దాని నిర్మాణక్రమమంతయు 1984 జనవరి నాటి ఒక ప్రత్యేక సంచికలో అందరికిని విప్పి చెప్పెను. దేయాన్ రిస్తానోవిచ్ వ్రాసిన ఆ సంచిక పేరునకు 'మీ ఇంట కంప్యూటర్లు' అని అర్థము. విడిభాగములు తెప్పించుకొని సొంతముగా అతుకుకొనుటకు ముందుకు వచ్చినవారు ఎనిమిది వేలకు పైమాట. పైపెట్టె రాదు, ఎవరి పెట్టె వారే చేసికొనవలెను. స్థిరస్మృతి నాలుగు కిలోబైట్లే గనుక తప్పులను తెలుపుటకు మూడే మాటలు పట్టినవి: 'ఏమిటి?', 'ఎట్లు?', 'క్షమింపుడు'. మొదటిది ఆజ్ఞ తెలియనప్పుడు, రెండవది ఆజ్ఞ తెలిసియు చేయశక్యము కానప్పుడు, మూడవది స్మృతిలో చోటు చాలనప్పుడు. నేటి యంత్రముల సుదీర్ఘ సంజాయిషీలకంటె ఇవియే మేలని మా అభిప్రాయము.

ఆ పత్రికా సంపాదకుడు యోవా రెగాసెక్ ప్రోత్సాహముతో 'బెల్‌గ్రేడ్ 202' కేంద్రపు ప్రసారకుడు జోరాన్ మోద్లీ తన 'వెంటిలేటర్ 202' సంగీత కార్యక్రమము మధ్య ప్రోగ్రాములు వినిపింప మొదలిడెను. ఈయన విమాన చోదకుడు కూడ. పాటలో చిన్న గరగర వచ్చినను శ్రోత సహించును. ప్రోగ్రాములో ఒక్క స్వరము జారినచో ఆట అంతయు చెడిపోవును. అందుచే ధ్వని సాగినంతసేపు మాటాడవలెనను చాపల్యమును అనౌన్సరు అణచుకొనవలెను. ఆ కష్టమెట్టిదో ఈ వృత్తిలో ఉన్న మాకు తెలియును. శ్రోతలును ఊరకుండలేదు. విన్న ఆటలను మార్చిరి, మెరుగుపరచిరి, తాము క్రొత్తవి కూర్చి కేంద్రమునకు పంపిరి, అవియు ప్రసారమైనవి. ఆటలేగాక పాఠములు, నగరములో జరుగు కచ్చేరీల వివరములు గూడ ఈ కీచుధ్వనితోనే ఇండ్లకు చేరినవి.

ఇదే కాలమున కంపెనీల ఆలోచన ఎదురు దిక్కున సాగినది. 1983లో అమెరికాలో ఆటడబ్బాల వ్యాపారము అతి ఉత్పత్తిచే కుప్పకూలినది. 1985లో నింటెండో అచ్చట ప్రవేశపెట్టిన యంత్రమున, తమ అనుమతి లేని ఆట నడువకుండ, తాళము వంటి ఒక చిప్పును అమర్చిరి. ఆట మంచిచెడ్డలకు పూచీ కావలెనన్నచో ఇది అవసరమని వారి వాదము. అందు కొంత నిజము లేకపోలేదు. కాని ఆడువాడు ఆటను విప్పిచూచు వీలు మాత్రము పోయినది.

ఆటలు పెద్దవైనవి, డిస్కులు చౌకైనవి. రేడియో మోయగల బరువు మించినది. తూర్పు జర్మనీ రేడియో 1989 ప్రాంతమున బేసికోడ్ ప్రసారములు చేసినది గాని, మరుసటి సంవత్సరమే ఆ దేశము పశ్చిమ జర్మనీతో కలిసిపోయినది. యుగోస్లావియా 1991 మొదలుకొని ముక్కలైనది. మోద్లీ 2020లో మరణించెను. కాని ఆనాటి ప్రసారములు పట్టిన క్యాసెట్టు ఏ ఇంటనైన చెడకుండ మిగిలియున్నచో, ఆ ధ్వనిని నేటి కంప్యూటరునకు వినిపించి, పాత యంత్రమును అనుకరించు ప్రోగ్రాముచే చదివింపవచ్చును. కొన్ని నిమిషములు కీచుమని, ఆట మొదలగును.