ఫీల్ ముర్గ్ జబాన్

నా రాత బల్ల మీద ఒక చెక్క డబ్బా ఉంది. జానెడు పొడుగు, పిల్లల పెన్సిల్ డబ్బా కంటే కాస్త వెడల్పు. మూత ఒకే ఒక్క స్క్రూ మీద అటూ ఇటూ కదులుతుంది. పట్టుకోవడానికి మూతకొక పిడి. మూత అడుగున సుద్ద రాసి, డబ్బా పల్చటి అంచు మీద మెల్లగా లాగితే ఒక గొంతు లేస్తుంది. ముందు సన్నగా, పైస్థాయిలో. అంతలోనే విరిగి బొంగురుగా కిందికి దిగుతుంది. మొదటిసారి లాగినప్పుడు వంటింట్లోంచి మా ఆవిడ, "ఏదో కోడి ఎక్కడో ఇరుక్కున్నట్టుంది, జర చూడండి" అంది.

అది అడవి టర్కీ కోడి గొంతు. ఆడదాని గొంతు. అమెరికాలో అర్కన్సా రాష్ట్రంలో ఉంటున్న మా ఖాలా కొడుకు పోయిన రంజాన్‌కి ఇంటికొస్తూ తెచ్చిచ్చాడు. వాళ్ల పక్కింటి ముసలాయన చేత్తో చేశాడట. "చూడగానే నానా యాదికొచ్చాడు భాయ్" అన్నాడు.

నానా అంటే అమ్మీ వాళ్ల అబ్బా. నల్లగొండ వైపు ఒక ఊళ్లో తీతర్ షికారీ. తీతర్ అంటే మన కౌజు పిట్ట. నాకు ఊహ తెలిసేనాటికి షికార్ లేదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక నానా వలలు చుట్టి అటక మీద పెట్టేశాడు. పిలుపు మాత్రం మానలేదు. అసర్ నమాజ్ అయ్యాక చెరువు కట్ట మీద కూర్చుని, రెండు అరచేతులు దోనెలా మూసి, బొటనవేళ్ల మధ్య సందులోంచి పిలిచేవాడు. తుమ్మ పొదల్లోంచి జవాబొచ్చేది. నేను మళ్లీ పిలవమని గొడవ చేస్తే, "చుప్ బైఠ్. బార్ బార్ పుకారే తో షక్ కర్తా" అనేవాడు. మాటిమాటికీ పిలిస్తే దానికి అనుమానమొస్తుందని.

ఈ డబ్బా తారీఖ్ వెతుకుతూ పోతే, ఆ మాటే అమెరికా అడవుల్లో నాకు మళ్లీ తగిలింది.

ముందు ఆ పిట్ట సంగతి. దోస్తులారా, పేరు విషయంలో ఇంత అన్యాయం జరిగిన జీవి ఇంకోటి ఉండదేమో. పుట్టింది ఉత్తర అమెరికాలో. మెక్సికో జనం దాన్ని 2000 ఏళ్ల కిందటే మచ్చిక చేసుకున్నారు. 16వ శతాబ్దం మొదట్లో స్పెయిన్ వాళ్లు ఓడల్లో యూరప్ తీసుకెళ్లారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని తుర్కుల కోడి అనుకున్నారు. తుర్కులేమో దాన్ని 'హిందీ' అంటారు. ఫ్రెంచివాళ్ల పేరుకీ హింద్ కోడి అనే అర్థం. అరబ్బుల్లో చాలామందికి అది 'దీక్ రూమీ', అంటే రూమ్ దేశపు కోడిపుంజు. పోర్చుగీసువాళ్లు పెరూ దేశం పేరు పెట్టారు, అదే మన హిందుస్తానీలో 'పీరూ' అయింది. మనకేమో సీమకోడి. ప్రతి జబాన్ దాన్ని ఇంకో వతన్‌కి అంటగట్టింది. ఈ దేశంలో పేరును బట్టి "మీదే ఊరు?" అని అడిగించుకున్న నాలాంటివాడికి ఈ పిట్ట మీద ఇష్టం కలగడం అజీబ్ ఏమీ కాదు.

ఉర్దూలో దానికి ఇంకో పేరుంది. ఫీల్ ముర్గ్, అంటే ఏనుగు కోడి. ముక్కు మీంచి వేలాడే కండ తొండంలా ఉంటుందని. మొఘల్ దర్బార్‌కి ఈ పిట్ట 1612లో వచ్చింది. బాద్షా జహంగీర్ హుకుం మీద గోవా వెళ్లిన ముఖర్రబ్ ఖాన్, పోర్చుగీసువాళ్ల దగ్గర కొన్న వింత జంతువులతో పాటు దీన్నీ తెచ్చాడు. జహంగీర్ ముచ్చటపడి తన రోజనామాలో దాని వర్ణన రాసుకున్నాడు. ఆడ నెమలి కంటే పెద్దది, మగ నెమలి కంటే చిన్నది. మదమెక్కితే నెమలిలా తోక విప్పుతుంది. తల, మెడ కాసేపు పగడంలా ఎర్రగా, కాసేపు పత్తిలా తెల్లగా, కాసేపు ఫిరోజా రాయిలా మారిపోతాయి. ముత్తాత బాబర్ కూడా తన కితాబులో జంతువుల గురించి రాశాడు గానీ బొమ్మలు గీయించలేదని గుర్తుచేసుకుని, తను ముసవ్విర్లకు హుకుం ఇచ్చాడు. అప్పుడు ఉస్తాద్ మన్సూర్ వేసిన టర్కీ కోడి బొమ్మ ఇవాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. మెడ మీది ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు. కానీ ఎంత గొప్ప ముసవ్విర్ అయినా గొంతు గీయలేడు.

గొంతు పట్టుకున్నవాళ్లు వేరే ఉన్నారు.

అడవి టర్కీ మహా షక్కీ పిట్ట. మగది పది కిలోల దాకా పెరుగుతుంది, అయినా పొదల మధ్య నీడలా జారుకుంటుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో మెడ కొంచెం తిప్పితే చాలు, చుట్టూ కనబడుతుంది. కనురెప్ప కదిలినా కనిపెడుతుందని షికారీలు అంటారు. దాని దగ్గరికి మనం వెళ్లడం దాదాపు జరగని పని. అదే మన దగ్గరికి రావాలి. అమెరికా మూలవాసులు దీనికి కనిపెట్టిన ఉపాయం ఆ పిట్ట రెక్క ఎముకే. ఆడదాని రెక్కలోని మూడు ఎముకల్ని ఉడకబెట్టి, మూలుగ తీసి, చివర్లు కోసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి గొట్టంలా చేస్తారు. సన్నటి చివర పెదాల మధ్య పెట్టుకుని ఊదరు, లోపలికి పీలుస్తారు. ముద్దు పెట్టినట్టు చప్పుడు. రెండో చివర చేతులు దోనెలా మూసి గొంతు పెంచుతారు, తగ్గిస్తారు. పిట్ట ఎముకలోంచే పిట్ట గొంతు.

వసంతంలో మగ పిట్ట చెట్టు మీంచి గడగడమని అరుస్తుంది, కిందికి దిగి తోక విప్పి నిలబడుతుంది. ఆడవి దాన్ని వెతుక్కుంటూ వస్తాయి. వాళ్ల రివాజ్ అది. షికారీ ఆడ గొంతుతో పిలిచి, నువ్వే రా అంటాడు. అంటే ఆ జాతి రివాజ్‌నే తిరగేయమంటాడు. అందుకే మగది చాలాసార్లు సగం దూరం వచ్చి ఆగిపోతుంది. పిలుస్తున్నది నిజంగా ఆడదే అయితే ఈపాటికి తనే రావాలి కదా అన్నట్టు నిలబడిపోతుంది. అప్పుడు ఇంకా ఇంకా పిలిచేవాడు ఓడిపోతాడు. ఒకసారి పిలిచి, సుద్ద ముక్క జేబులో పెట్టుకుని, చెట్టుకు వీపు ఆనించి సబర్ చేసేవాడికే అవకాశం. నానా చెప్పిందీ అదే.

శరదృతువు షికార్ ఇంకో రకం. నాకు మనసొప్పనిది ఇదే. తల్లీ పిల్లలూ ఉన్న గుంపు మీదికి ఒక్కసారిగా ఉరికి నాలుగు దిక్కులా చెదరగొడతారు. కొన్నిచోట్ల దీనికి కుక్కల్ని వాడతారు. తర్వాత అక్కడే కూర్చుని, తప్పిపోయిన పిల్ల గొంతుతోనో, పిల్లల్ని పోగుచేసుకునే తల్లి గొంతుతోనో పిలుస్తారు. అమ్మ పిలిచిందని వచ్చిన పిల్లకి ఎదురయ్యేది తుపాకీ. ధోకాలో కూడా దర్జాలుంటాయి కదా, ఇది అన్నిటికంటే కింది దర్జా.

ఇక నా బల్ల మీది డబ్బా. ఇలాంటి డబ్బాకి పేటెంట్ 1897 జనవరి 5న అర్కన్సాలోని డార్డనెల్ ఊరి హెన్రీ గిబ్సన్ పేరిట వచ్చింది. హునర్ అంతా పక్క గోడల్లో ఉంటుంది. చెక్కను పల్చగా, ఇంకా పల్చగా గీకుతూ, మధ్య మధ్య మూత లాగి వింటూ పోవాలి. ఒక్క పొర ఎక్కువ గీకితే డబ్బా పొయ్యిలోకే. రెండు గోడల్నీ రెండు వేర్వేరు గొంతులకు సరిచేస్తారు, ఒకటి ముసలిదానిది, ఒకటి వయసుదానిది అన్నట్టు. వాన తడి తగిలితే గొంతు పోతుంది. సౌత్ కరోలినాలోని గ్రీన్‌వుడ్‌లో నీల్ కాస్ట్ అనే ఉస్తాద్ ఉండేవాడు. ఆయన డబ్బాల్ని ఇవాళ జనం సితార్లు దాచుకున్నట్టు దాచుకుంటారు.

డార్డనెల్ అర్కన్సా నది ఒడ్డున ఉంది. జర్నలిస్టు బుద్ధి ఊరుకోదు, ఆ నది తారీఖ్ కూడా తిరగేశాను. 1830 చట్టంతో చెరోకీ, చోక్టా లాంటి మూలవాసుల్ని తూర్పు అడవుల్లోంచి పడమరకు తరిమినప్పుడు, వాళ్లలో చాలామందిని పడవల్లో ఈ నది మీదుగానే తీసుకెళ్లారు. దారిలోనే వేలమంది చచ్చిపోయారు. రెక్క ఎముకతో పిలవడం తెలిసిన జనం అలా వెళ్లిపోయిన 60 ఏళ్లకు, అదే నది ఒడ్డున చెక్క డబ్బాకి పేటెంట్ వచ్చింది. గిబ్సన్ తప్పేమీ లేదు, ఆయన తన డబ్బా తను చేసుకున్నాడు. కానీ ఎముకకు ఎవరి పేరా లేదు.

జనం తర్వాత పిట్ట వంతు. అడవులు నరికారు, బజార్లో మాంసం కోసం ఏడాది పొడుగునా కాల్చారు. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆఖరి అడవి టర్కీ 1851లో చచ్చిపోయింది. 1920 నాటికి, అది మొదట్లో ఉన్న 39 రాష్ట్రాల్లో 18 చోట్ల పూర్తిగా మాయమైంది. పిలిచేవాళ్లున్నారు, పలికే పిట్ట లేదు.

అప్పుడు షికారీలే మేలుకున్నారు. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. తుపాకీలు, తూటాల మీద 11 శాతం పన్ను వేసి, ఆ పైసలు అడవి జంతువుల కోసం రాష్ట్రాలకు ఇచ్చారు. ఫారాల్లో గుడ్లు పొదిగించి, వేలకొద్దీ టర్కీలను పెంచి అడవుల్లో వదిలారు. నేను ఈ తారీఖ్‌లో ఆగిపోయింది ఇక్కడే. ఆ పిట్టలు బతకలేదు. రూపం అదే, ఈకలు అవే, గొంతు కూడా ఉంది. కానీ తల్లి వెనక నడవలేదు. ఏ చప్పుడుకి నేలకి కరుచుకోవాలో, ఏ 'పుట్' అనే ముక్కకి పరిగెత్తాలో, రాత్రి ఏ చెట్టెక్కాలో చెప్పేవాళ్లు లేరు. నక్కలూ గుడ్లగూబలూ తినేశాయి. నస్ల్ ఉంది, జబాన్ లేదు.

చివరికి పనికొచ్చింది వేరే దారి. మిగిలిన అడవి పిట్టల్నే, 1950ల నుంచి, మొక్కజొన్న చల్లి, గుంపు మీదికి చిన్న ఫిరంగులతో వల విసిరి పట్టుకుని కొత్త అడవుల్లో వదిలారు. మసాచుసెట్స్‌లో ఫారం పిట్టలతో చేసిన ప్రయత్నాలన్నీ పోయాక, 1972-73లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి తెచ్చిన 37 అడవి పిట్టలు నిలిచాయి. ఇవాళ అవి బోస్టన్ శివార్లలో రోడ్ల మీద కార్లను ఆపుతున్నాయి. దేశం మొత్తం మీద ఇప్పుడు 60 లక్షల దాకా ఉంటాయని అంచనా. పిట్ట తన ఊళ్లకు తిరిగొచ్చింది. నది మీద వెళ్లిపోయిన జనం మాత్రం తిరిగిరాలేదు. ఆ హిసాబ్ ఇంకా తేలలేదు.

మన దగ్గర ఒక లతీఫా ఉంది. తీతర్ కూస్తే మౌల్వీ సాబ్‌కి "సుబ్హాన్ తేరీ ఖుద్‌రత్" అని వినబడుతుందట. కిరాణా సేఠ్‌కి "లహ్‌సన్ ప్యాజ్ అద్రక్" అని. పహిల్వాన్‌కి దండ్, కసరత్ అని. ఎవరికి వాళ్ల మాటే వినబడుతుంది. పిట్టకి దాని మాటే వినిపించేలా పలకడానికి నానాలాంటివాడో, రెక్క ఎముక పట్టుకున్నవాడో కావాలి. చంపడానికే నేర్చుకున్నారు, కాదనను. కానీ అంత చెవి పెట్టి విన్నవాళ్లు కూడా వాళ్లే.

నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో మా తరగతికి 41 మందిమి. మా అమ్మాయి ఇంగ్లీషు మీడియం. ఇంట్లో మా మాట అర్థమవుతుంది, నవ్వుతుంది, జవాబు కూడా ఇస్తుంది. అలిఫ్ రాయడం రాదు. నేర్పనిది నేనే. ఎవరి మీదా నెపం పెట్టలేను.

పోయిన నెల దాన్ని తీసుకుని నానా ఊరెళ్లాను. చెరువు కట్ట ఉంది. తుమ్మలు పోయాయి, ప్లాట్ల హద్దురాళ్లు నాటారు. అరచేతులు దోనెలా మూసి పిలవబోయాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇన్నేళ్లలో నానాని ఎప్పుడూ ఎలా అని అడగలేదు, ఎప్పుడు వెళ్లినా ఉంటాడులే అనుకున్నాను.

"అబ్బా, ఏమని పిలవాలి దాన్ని?" అంది పిల్ల.

తెలీదన్నాను. ఇంటికొచ్చాక చెక్క డబ్బా దానికే ఇచ్చేశాను. రోజూ సాయంత్రం సుద్ద రాసి లాగుతోంది. రెండు గొంతులూ నాకంటే ముందే పట్టేసింది. నిన్న డబ్బా పక్కన పెట్టించి, పలక మీద అలిఫ్ రాయించాను.